మూడో చుట్టు

ఆ ఎండాకాలం నేను మూడుసార్లు స్పృహతప్పి పడిపోయాను. మూడుసార్లూ నాకు చెప్పుకోదగ్గ దెబ్బేమీ తగల్లేదు. తగిలింది మా బావమరిదికి.

మేం గోడలకి రంగులేసేవాళ్లం. బడులకి సెలవులిచ్చిన రోజు మా అసలు కాలం మొదలవుతుంది. మళ్లీ బడి తెరిచేలోగా పని ముగించుకుని బయటపడాలి. ఆ ఏడు మా మేస్త్రీ మూడంతస్తుల బడి ఒకటి ఒప్పుకున్నాడు. లోపలి గదులు పదిమందికి పంచి, బయటి గోడలు మాత్రం నాకూ మా బావమరిదికీ ఇచ్చాడు. పదకొండేళ్లుగా తాడు మీద జోడీగా పనిచేస్తున్నది మేమిద్దరమే మరి. అతను మా ఆవిడకి తమ్ముడు. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే మనిషి కాబట్టి అందరూ నిచ్చెన అనే పిలిచేవాళ్లు. పొద్దున్నే బ్రష్షు కళ్లకద్దుకోనిదే పని మొదలుపెట్టను కాబట్టి నన్ను స్వామి అనేవాళ్లు.

తాడు పని సంగతి కొంచెం చెప్పాలి. డాబా మీద నీళ్ల ట్యాంకు కింద సిమెంటు స్తంభాలుంటాయి. ఒక స్తంభానికి తాడు మూడు చుట్లు చుట్టి, రెండో కొసని పిట్టగోడ మీదుగా కిందికి వదులుతాం. ఆ కొసకి పలక. పలక మీద కూర్చున్నవాడు గోడకి రంగేస్తుంటాడు, డాబా మీదివాడు తాడు పట్టుకుని ఉంటాడు. మూడు చుట్లున్నంతసేపు చిన్నపిల్ల పట్టుకున్నా తాడు కదలదు. పలకని ఇంకాస్త కిందికి దించాలంటే పైవాడు ఒక చుట్టు విప్పి, మిగతా రెండు చుట్ల మీద తాడుని మెల్లగా జారనిచ్చి, మళ్లీ మూడో చుట్టు వేసేయాలి. ఆ కాసేపూ కింది మనిషి బరువు పైవాడి చేతుల్లో ఉంటుంది. నియమాలు రెండే. దిగేవాడు తన చుట్లు తానే వేసుకోవాలి. పైవాడి రెండు చేతులూ తాడు మీదే ఉండాలి. "ముక్కు దురదపెడితే ఎలా మేస్త్రీ?" అని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "కింద వేలాడుతున్నవాడి ముక్కు గురించి ఆలోచించు, నీ దురద అదే పోతుంది" అనేవాడు.

పని మొదలైన వారానికి మాలో ఒకడు పోయాడు. పనిచేసినంతసేపూ కూనిరాగాలు తీసేవాడు, పాటగాడు అనేవాళ్లం. సరిగ్గా నా ఈడువాడు. రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టబోయి, గ్లాసుతో పాటు తానూ ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

అతను పోయిన నాలుగో రోజు నేను రంగుల దుకాణంలో నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. పెదాలు తిమ్మిరెక్కాయి. దుకాణదారు మాటలు బావిలోంచి వస్తున్నట్టు వినిపించాయి. అయిపోయింది, నా వంతు వచ్చేసింది అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, ముఖమంతా నీళ్లు.

"ఎండదెబ్బ స్వామీ, ఏం కాదు" అన్నాడు దుకాణదారు.

"అవును, ఎండదెబ్బే" అన్నాను. ఇంట్లో ఆ మాట కూడా చెప్పలేదు.

అది మొదలు నా కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టుని వదలడం మానేశాయి. స్నానం చేస్తూ నాడి చూసుకునేవాణ్ణి. బస్సులో చూసుకునేవాణ్ణి. దేవుడి ముందు నిలబడి, జోడించిన చేతులు జోడించినట్టే ఉంచి, ఒక్క వేలు మాత్రం పక్కకి జరిపి చూసుకునేవాణ్ణి. ఆయన చూడకుండా ఉంటాడా? ఏమనుకున్నాడో.

ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లాను. ఒకసారి కాదు, మూడుసార్లు. గుండె బొమ్మ తీశారు, రక్తం చూశారు, ఛాతీ మీద చల్లటి జిగురు రాసి లోపలంతా వెతికారు. మూడోసారి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మీ గుండె బాగుంది."

"సరిగ్గా చూశారా అమ్మా?"

"మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూస్తే దానికే విసుగొస్తుంది."

"మరి ఎందుకు పడిపోయానమ్మా?"

"భయం మీదికొచ్చినప్పుడు ఊపిరి గబగబా తీస్తారు. ఒళ్లు తిమ్మిరెక్కుతుంది. కొందరికి ఒక్కసారిగా రక్తపోటు పడిపోయి స్పృహ తప్పుతుంది. మీకూ అదే జరిగింది."

"అంటే ఒట్టి భయమేనా?"

"ఒట్టి భయమని ఎవరన్నారు? పడిపోయింది మీరేగా." ఆవిడ నవ్వలేదు. "మళ్లీ వస్తోందనిపించగానే ఎక్కడున్నా సరే, సిగ్గుపడకుండా పడుకోండి. కాళ్లు గోడ మీదికి ఎత్తిపెట్టండి. ఊపిరి మెల్లగా వదలండి. నాడి చూసుకోవడం మాత్రం మానేయాలి. చూసిన ప్రతిసారీ భయం ఇంకాస్త ముదురుతుంది."

"అలాగేనమ్మా" అన్నాను. ఆవిడ నా మణికట్టు వైపు చూసింది. నా వేళ్లు అక్కడే ఉన్నాయి.

"ఏం పని చేస్తారు?"

"గోడలకి రంగులేస్తానమ్మా."

"ఎత్తులెక్కాలా?"

"లేదమ్మా. కింది గోడలే."

ఇదీ ఆ ఎండాకాలం నేనాడిన మొదటి అబద్ధం. నిజం చెబితే పని మానమంటుంది. మానితే ఎందుకు మానావని మేస్త్రీ అడుగుతాడు. భయమేసి మానానని చెప్పుకోవాలి. గుండెజబ్బే వచ్చి ఉంటే తల ఎత్తుకుని చెప్పుకునేవాణ్ణి, పాపం అనేవాళ్లు. భయం అని చెప్పుకుంటే ఏమంటారు?

"మంచిది. ఇది తగ్గేదాకా ఎత్తుల జోలికి పోకండి. వచ్చే వారం రండి, మాటలతో చేసే వైద్యం ఒకటుంది, దానికి పంపిస్తాను" అంది. నేను మళ్లీ వెళ్లలేదు.

ఇంటికొస్తూ దారంతా ఆలోచించాను. పలక మీద ఉండగా స్పృహ తప్పితే మూడంతస్తుల కింద తేలతాను. అదే డాబా మీదైతే? చదునైన నేల. పడినా మోకాలు చెక్కుకుంటుంది, అంతే. డాక్టరమ్మ చెప్పిందీ అదే కదా, ఎత్తులో వేలాడొద్దని. కాబట్టి ఇకమీదట నేను పైనే ఉంటాను, బావమరిది దిగుతాడు. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. "స్వామీ, నన్ను పడనివ్వకు" అని ఆ పూట మనసారా దణ్ణం పెట్టుకున్నాను. నా బదులు ఎవరు పడతారని అడగలేదు.

మర్నాడు డాబా మీద చెప్పాను. "ఇవాళ్టి నుంచి రెండు పూటలా నువ్వే దిగు. నాకు నడుం పట్టేసింది."

"వంగి వంగి దణ్ణాలు పెడితే పట్టెయ్యదా మరి? దేవుణ్ణి కాస్త ఎత్తులో పెట్టుకో బావా" అన్నాడు నిచ్చెన. ఈల వేసుకుంటూ స్తంభం దగ్గరికి వెళ్లి, తాడు చుట్టి, ఎప్పటిలాగే ఒక్కో చుట్టు మీదా అరచేత్తో చరిచాడు. ఒకటి, రెండు, మూడు. పిట్టగోడ దాటి దిగిపోయాడు. అనుమానమన్నది లేదు. పదకొండేళ్ల జోడీకి అనుమానం ఎందుకుంటుంది?

తొమ్మిది రోజులు బాగానే గడిచాయి.

పదో రోజు మధ్యాహ్నం, "దించు బావా" అని కేక వినిపించింది. ఒక చుట్టు విప్పాను. తాడు జారనిస్తున్నాను. అంతలో గుండె ఒక దెబ్బ మరిచిపోయినట్టనిపించింది. ఒక్క దెబ్బ. పెదాలు చల్లబడ్డాయి. తరవాత ఏం చేశానో నాకు బాగా తెలుసు, మరిచిపోయానని చెప్పడానికి లేదు. తాడు మీదనుంచి కుడిచెయ్యి తీసి ఎడమ మణికట్టు పట్టుకున్నాను.

తాడు బుస్సుమంది. రెండు చేతులతో పట్టుకునేసరికి అరచేతుల చర్మం తాడుతో పాటే వెళ్లిపోయింది. ఎలా ఆగిందో ఆగింది. కింద కిటికీ మీది సన్‌షేడుకి పలక కొట్టుకున్న చప్పుడు వినిపించింది. తరవాత మా బావమరిది అరుపు. తరవాత కింది నుంచి మిగతావాళ్ల కేకలు. "పట్టుకున్నాం, వదులు స్వామీ, వదులు!"

ఇంకో చుట్టు విప్పి, తాడు వదిలాను. అప్పుడు స్పృహ తప్పింది.

తెలివొచ్చేసరికి మేస్త్రీ మాటలు వినిపిస్తున్నాయి. "చూడండ్రా, స్తంభానికి ఒక్కటే చుట్టుంది! దించడానికి ఒకటి విప్పినా రెండుండాలి, అంటే వాడు వేసినవే రెండు! దిగేవాడు ఆ మాత్రం చూసుకోవద్దా? స్వామి చేతులు చూడండి, కండ ఊడిపోయినా వదల్లేదు. వదిలి ఉంటే ఈపాటికి వాడు లేడు."

అప్పుడు కళ్లు తెరిచి నిజం చెప్పి ఉండొచ్చు. నేను కళ్లు తెరవలేదు. తెలివొచ్చాక కూడా చాలాసేపు రానట్టే పడుకున్నాను.

బావమరిదికి ఎడమకాలు రెండు చోట్ల విరిగింది. పిండికట్టు వేసి, రెండు నెలలు ఆ కాలు నేల మీద మోపొద్దన్నారు. ఆస్పత్రికి దగ్గరని మా ఇంట్లోనే ముందుగదిలో మంచం వేశాం. పొద్దున మా ఆవిడ నా అరచేతులకి మందు రాసి గుడ్డ చుట్టేది. ఆ చేత్తోనే తమ్ముడికి చీవాట్లు పెట్టేది.

"ఒరేయ్, మూడు దాకా లెక్కపెట్టడం రాదా నీకు? మీ బావ లేకపోతే ఏమైపోయేవాడివి?"

"మూడే వేశానక్కా" అనేవాడు మొదట్లో. తరవాత "వేశాననే అనుకున్నాను" అన్నాడు. ఇంకో వారానికి ఏమీ అనడం మానేశాడు. దుప్పటిని తాడులా మెలిపెట్టి మంచం కోడుకి చుట్టి, అరచేత్తో చరిచి, విప్పి, మళ్లీ చుట్టేవాడు. నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం మేస్త్రీ మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. కాసేపు కబుర్లయ్యాక అసలు మాట చెప్పాడు.

"కాలు కుదిరాక రారా నిచ్చెనా, పని ఇస్తాను. కిటికీ చువ్వలకి రంగెయ్యి, తలుపులకెయ్యి. తాడు మాత్రం ఇంక నీకివ్వను. ఇవాళ నీ చుట్టు మరిచావు, రేపు పక్కవాడిది మరుస్తావు."

తాడు మీద పని అంటే మాలో అదొక హోదా. బావమరిది తల ఊపాడు. ఎదురుచెప్పలేదు. అలా ఎదురుచెప్పకుండా ఉండటం అతని ఒంట్లోనే లేదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

వాళ్లు వెళ్లగానే అతని మంచం దగ్గరికి వెళ్లాను. "ఒరేయ్, ఆ రోజు డాబా మీద..." అన్నాను. అంతే. చెవుల్లో హోరు. గోడలు దూరంగా జరిగాయి. మూడోసారి పడిపోయాను.

కళ్లు తెరిస్తే బావమరిది నేల మీద ఉన్నాడు. పిండికట్టు కాలు ఈడ్చుకుంటూ మంచం దిగి నా దగ్గరికి వచ్చాడు. నా తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా వల్లే అక్కా. ఆ రోజు తలచుకుని బావ లోపల్లోపలే కుమిలిపోతున్నాడు" అన్నాడు.

మా ఆవిడ కళ్లొత్తుకుంది. నేను కాదనలేదు. కావాలని పడిపోయానని కాదు. కానీ పడిపోవడం నాకు ఎంత సుళువుగా అక్కరకొస్తోందో ఆ రోజు చూశాను. దేవుడు శిక్ష వేస్తున్నాడో, దాక్కోవడానికి చోటు చూపిస్తున్నాడో తేల్చుకోలేకపోయాను. దాక్కునే చోటు ఆయనెందుకు చూపిస్తాడులే అని కూడా అనిపించింది.

రెండు రోజులు పోయాక, బయటికి వెళ్లొచ్చి వీధి తలుపు వేశాను.

"గడియ పెట్టావా బావా?" అన్నాడు మంచం మీంచి.

"పెట్టాను."

"నిజంగా పెట్టావా? ఒకసారి చూడవా?"

చూసి వచ్చాను. మంచినీళ్లు తాగి కూర్చున్నాను.

"ఏమీ అనుకోకు బావా, ఇంకొక్కసారి చూడు. నేను చూశాననుకున్నవి ఈ మధ్య ఉండటం లేదు. నన్ను నేను నమ్మలేకపోతున్నాను."

లేచి గడియ దాకా వెళ్లి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మణికట్టు పట్టుకుని నేను అడిగే ప్రశ్నే అది. ఉందా, ఇంకా ఉందా, మళ్లీ చూడు. నా రోగం నేనే అతనికి అంటించాను. నాకు చావు చూసి వచ్చింది. అతనికి నా మౌనం చూసి వచ్చింది.

మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచాను. "నువ్వూ వచ్చి కూర్చో." తరవాత మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ ఎత్తి గోడకి ఆనించాను.

"ఇదేం ఆసనం బావా?" అన్నాడు నిచ్చెన. చాన్నాళ్లకి అతని గొంతులో నవ్వు వినిపించింది.

"ఇలా ఉంటే పడిపోనట. నవ్వకు. ఒక మాట చెప్పాలి, అది పూర్తయ్యేదాకా లేవను."

పైకప్పు చూస్తూ చెప్పాను. గుండె కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనిచ్చాను. దుకాణంలో పడింది, ఆస్పత్రికి మూడుసార్లు వెళ్లింది, నడుం పట్టేసిందని అబద్ధమాడింది, అన్నీ చెప్పాను.

"నువ్వు మూడే వేశావు. ఒక్కో చుట్టూ చరిచావు, నేను చూశాను. వాళ్లు నిన్ను పట్టుకున్నాక తాడు వదలడానికి ఒక చుట్టు తీసింది నేనే. అంతకుముందు దించమన్నావని ఒకటి విప్పిందీ నేనే. విప్పి, దించుతూ దించుతూ చెయ్యి తీసి నాడి చూసుకున్నాను."

"ఏం చూసుకున్నావు?"

"నాడి."

"ఎవరిది?"

"నాది."

నా పాదాల దగ్గర గోడ మీద పాత రంగు చిన్న చిన్న పెచ్చులుగా లేచి ఉంది. వాటినే చూస్తూ ఉన్నాను.

"పడ్డందుకు నేనేమీ అనను బావా" అన్నాడు చివరికి. "తాడు పని. ఎప్పుడో ఒకప్పుడు పడతాం. ఈ మూడు వారాలూ నాకు మతి పోయిందనుకున్నాను. దుప్పటి తీసి మంచానికి చుట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఆ కుర్చీలోనే కూర్చుని చూశావు."

గోడ మీది కాళ్లు అలాగే ఉంచాను.

మా ఆవిడ లేచి తమ్ముడి మంచం మీద కూర్చుంది. "నిన్ను ఎన్నేసి మాటలన్నానురా" అని అతని జుట్టులో చెయ్యి పెట్టింది. నా వైపు చూడకుండానే అంది, "కాళ్లు దించండి. ఇంక పడిపోర్లెండి."

మర్నాడు బడి దగ్గర అందరూ టీ తాగే వేళ మేస్త్రీకి అదే మాట చెప్పాను. ఉన్నవాళ్లంతా విన్నారు. గ్లాసులు కదల్లేదు. మేస్త్రీ నా చేతుల వైపు చూశాడు, ఆ మానుతున్న చారల వైపు.

"ఇంకెప్పుడూ డాబా ఎక్కకు స్వామీ" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇంతకీ గుండెకేం లేదు కదా?"

"ఏం లేదంది."

"ముందే చెప్పి ఉంటే కింది గోడలు ఇచ్చేవాణ్ణి కదయ్యా. అంత చెప్పుకోలేని మాటా ఇది?"

ఆ ఎండాకాలం మిగతా రోజులు కిటికీ చువ్వలకి రంగేశాను. తాడు మీద వేరే ఇద్దరు పనిచేశారు. బావమరిది కాలు కుదిరాక తాడు తిరిగి అతనికే అని మేస్త్రీ ఇంటికొచ్చి చెప్పి వెళ్లాడు. పైన ఎవరుండాలో అతనే ఎంచుకోవచ్చన్నాడు. నిచ్చెన ఒక పేరు చెప్పాడు. నాది కాదు. నాతో మాట్లాడేవాడు, మంచినీళ్లు అడిగేవాడు, బావా అనే పిలిచేవాడు. వేళాకోళం మాత్రం లేదు.

మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఏం పని చేస్తానో ఈసారి నిజం చెప్పాను. ఆవిడ కలం ఆపి, కాసేపు నన్ను చూసి, మళ్లీ రాసుకుంది. వారం వారం మాటల వైద్యానికి పంపింది. అది పనిచేసింది, చెప్పుకోవాలి. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు ఆ హోరు వస్తుంది. నలుగురి మధ్య ఉన్నా నేల మీద పడుకుంటాను. జనం చూస్తారు. చూడనీ. అంతకంటే సిగ్గుపడాల్సిన పని చేసినవాణ్ణి.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా మా అత్తగారు ఊరి నుంచి దిగింది. అల్లుడు చేతులు కాల్చుకుని కొడుకుని కాపాడాడన్న మొదటి కబురు ఒక్కటే ఆవిడకి చేరింది. మంచి కబురుకి ఉన్న కాళ్లు తరవాతి దానికి ఉండవు కదా. ఆవిడ సంచీ కింద పెట్టలేదు, కొడుకు దగ్గరికీ వెళ్లలేదు. నేరుగా వచ్చి నా రెండు అరచేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఆ చారల్ని కళ్లకద్దుకుంది.

"నా బిడ్డ ప్రాణం పట్టుకున్న చేతులు నాయనా ఇవి. దేవుణ్ణి నేనెప్పుడూ చూడలేదు, ఇవి చూశాను" అంది.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. తలుపు దగ్గర బావమరిది చంకకర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. అమ్మా అని పిలవలేదు, అడ్డుపడలేదు. నన్నే చూస్తున్నాడు.

పెద్దావిడ, ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆ సంతోషం ఆవిడకి ఉండనీ అని నా లోపలెవరో అన్నారు. చాలా తియ్యటి గొంతు. గుండె వేగం పెరిగింది. నా చేతులు రెండూ ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి, నాడి చూసుకోవడానికి లేదు.

"అత్తయ్యా, మీరు కూర్చోండి" అన్నాను. "ఈ చేతులు ముందు ఏం చేశాయో మీకెవరూ చెప్పలేదు. నేను చెబుతాను."

బావమరిది చంకకర్ర చాపి, దాని కొసతో కుర్చీని వాళ్లమ్మ వైపు నెట్టాడు.